ఆఖరి రెండు మీటర్ల మహిమ

నందివెలుగు పొలాల మీదుగా వచ్చే కరెంటు ఎక్కడో పుట్టి, కిలోమీటర్ల కొద్దీ అల్యూమినియం తీగల్లో పాకి, ట్రాన్స్‌ఫార్మర్‌లో దిగి, సర్వీసు వైరు పట్టుకుని, గోడలోని మామూలు రాగి వైరు గుండా ప్లగ్గు దాకా చేరుతుంది. దారి పొడుగునా అంటిన మైలంతా ప్లగ్గుకీ ఆంప్లిఫయర్‌కీ మధ్యనున్న ఆఖరి రెండు మీటర్ల ఖరీదైన పవర్ కేబుల్లో కడుక్కుపోతుందట. పాపాలు పోగొట్టుకోవాలంటే మనం కాశీ దాకా వెళ్లాలి. కరెంటుకు ఆ శ్రమ కూడా లేదు. ఇక స్పీకర్ కేబుల్ మీద బాణం గుర్తు వేసి, సంగీతం ఇటే పోవాలంటారు. స్పీకరుకు వెళ్లేది ఏసీ సిగ్నల్. 1,000 హెర్ట్జ్ స్వరమైతే సెకనుకు 1,000 సార్లు వెళ్లి వెనక్కి వస్తుంది. బాణానికి ఎదురొచ్చే సగం పాటను ఏ గేటు దగ్గర ఆపుతారో అమ్మేవాళ్లే చెప్పాలి.

తీగ చేసే అపకారానికి లెక్క ఉంది. ఇళ్లలో ప్లగ్ పాయింట్లకు లాగే 2.5 స్క్వేర్ ఎం.ఎం. రాగి వైరు నిరోధం మీటరుకు సుమారు 0.007 ఓమ్. స్పీకర్ 3 మీటర్ల దూరంలో ఉంటే, రానూ పోనూ 6 మీటర్లకు 0.04 ఓమ్. అవతల స్పీకర్ 8 ఓమ్‌లది. తగ్గే ధ్వని 0.05 డెసిబెల్ కూడా ఉండదు. పాట నడుస్తుండగా 1 డెసిబెల్ తేడా పట్టడమే చెవికి కష్టం. సన్న వైరు వేస్తే తేడా రాదా అంటే, వస్తుంది. 0.5 స్క్వేర్ వైరు 20 మీటర్లు లాగితే రానూ పోనూ నిరోధం 1.4 ఓమ్ దాకా పోతుంది, ధ్వని తగ్గుతుంది, స్వరాల పాళ్లూ కాస్త మారతాయి. దానికి మందు లావు వైరు. తెనాలిలో ఏ ఎలక్ట్రికల్ షాపులోనైనా దొరుకుతుంది. వెండి తీగ మేలు కదా అంటారు. మేలే, రాగి కన్నా 6 శాతం. రాగిని ఆ 6 శాతం లావు చేస్తే వెండి గొప్ప అక్కడితో సరి.

"నా చెవికి వినబడుతోంది, నీ లెక్కలెవడిక్కావాలి?" అన్నది ఆఖరి అస్త్రం. వినబడుతుందన్న మాట అబద్ధం కాకపోవచ్చు. ధర తెలిసిన మెదడు ధరకు తగ్గట్టే వింటుంది. అందుకే ఏ కేబులో చెప్పకుండా, రెంటికీ ధ్వని సమం చేసి వినిపించాలి. 2007లో అమెరికాలో జేమ్స్ రాండీ అనే ఇంద్రజాలికుడు, జత 7,250 డాలర్ల పేర్ అంజూ కేబుళ్లను మామూలు మంచి కేబుళ్ల నుంచి చెవితోనే వేరుచేసి చూపితే 10 లక్షల డాలర్లు ఇస్తానన్నాడు. ఒక ఆడియో విమర్శకుడు సరేనన్నాడు గానీ ఆ కేబుళ్ల కంపెనీ తప్పుకుంది, పరీక్ష జరగనేలేదు. అంత గొప్ప తేడా వినబడేదైతే 10 లక్షల డాలర్లు ఎవరికి చేదు? ఆ మాటకొస్తే, పొన్నూరు దగ్గర బ్రాహ్మణకోడూరులో పుట్టిన మాధవపెద్ది సత్యం 1957 నాటి మాయాబజార్‌లో ఘటోత్కచుడికి పాడిన పాట మోనోలోనే రికార్డయింది. స్టూడియో మైకు వైర్లలో రాని వైభవాన్ని మన హాల్లోని తీగ ఎక్కణ్నుంచి తెచ్చిపెడుతుంది?

ఆ డబ్బుతో మంచి స్పీకర్లు కొనొచ్చు. టైల్స్ నేల, నున్నటి గోడల మధ్య గణగణలాడే హాలుకు మందపాటి పరదాలు, తివాచీ వేయొచ్చు. ఆ తేడా కళ్లు మూసుకున్నా వినబడుతుంది. తీగకే లక్షలు పెడతానంటే మాత్రం దాన్ని సోఫా వెనక దాచకండి. అది పనిచేసేది కళ్ల మీదే గనక, వచ్చినవాళ్లందరికీ కనబడేట్టు వేలాడదీయండి, ధర చీటీతో సహా.