పరలోకపు పద్దులు

జర్మనీ దేశమందలి విట్టెన్‌బర్గ్ నగరమున, ప్రాజ్ఞుడని బిరుదు వహించిన సాక్సనీ ప్రభువు ఫ్రెడెరిక్ తన కోటలోని దేవాలయమందు పునీతుల అస్థికలను, దంతములను, వస్త్రఖండములను, బాలయేసు పవళించిన తొట్టిలోని గడ్డిపరకను, మోషే కన్నులార జూచిన మండుచున్న పొదలోని తునకను, ఇంకను పేరెత్తుటకు నా కలము సంకోచించు వస్తువులను కొన్నింటిని సేకరించి, 1520 నాటికి వాని సంఖ్యను 19,013 వఱకు పెంచి, నియమిత దినమున వానినెల్ల దర్శించి విధ్యుక్తముగా కానుక చెల్లించిన భక్తునకు, చనిపోయినవారి ఆత్మలు శుద్ధిపొందు ఉత్తరించు స్థలమందలి శిక్షలో 19,02,202 సంవత్సరముల 270 దినములు కొట్టివేయబడునని లెక్క తేల్పించెను. పందొమ్మిది లక్షల యేండ్లను జూచి నవ్వువారు నవ్వుదురు గాక. నాకు మాత్రము ఆ కొసఱు 270 దినములయందే భక్తి కలిగినది. యుగములకు యుగములే మాఫీ చేయ సిద్ధపడిన దైవము తొమ్మిది నెలల చిల్లర దగ్గఱ పొరపడి భక్తునకు అన్యాయము చేయరాదని, ఎవ్వడో యొక గుమస్తా అర్ధరాత్రమున దీపము ముందిడుకొని, వ్రేళ్లు మడచుచు, కూడికను మరల మరల సరిచూచుకొని యుండును. మోక్షవ్యవహారమున ఇంతటి జాగరూకత మఱియెక్కడను లేదని వ్రాయబోయి, మన సంఘములలోని కోశాధికారులు జ్ఞప్తికి వచ్చి ఆగితిని.

పొరుగున హాలె నగరమునందు మైంజ్ ఆర్చిబిషప్పు ఆల్‌బ్రెక్ట్ చేతులు ముడుచుకొని కూర్చుండలేదు. ఆయన సేకరించిన అవశేషములు సంఖ్యలో తక్కువవే యయినను, దర్శనఫలము మాత్రము 3,92,45,120 సంవత్సరములని ప్రకటింపబడెను. పుణ్యమునందు పొదుపు తెలిసిన వాడెవ్వడును విట్టెన్‌బర్గ్ వీథులలో చెప్పులరుగదీసికొనక తిన్నగా హాలెకు పోవలసినదే.

ఈ ఆల్‌బ్రెక్ట్ సామాన్యుడు కాడు. ముప్పదియేండ్లు నిండకముందే మాగ్డెబర్గ్, హాల్బర్‌ష్టాట్ పీఠములు రెంటిని సంపాదించి, అవి చాలక 1514లో మైంజ్ పీఠమును గూడ కోరి, ఒక్కనికిన్ని పీఠములు చెల్లవను శాస్త్రమును సడలించుటకు రోము నగరమునకు గొప్ప మొత్తము చెల్లింపవలసివచ్చి, ఆ సొమ్మును ఔగ్స్‌బర్గ్ వడ్డీవ్యాపారి యాకోబు ఫుగ్గరువద్ద అప్పు చేసెను. అప్పు తీరుమార్గమును పదియవ లియో పోపుగారే చూపిరి: ఆల్‌బ్రెక్ట్ తన యేలుబడిలో పాపపరిహార పత్రములు అమ్మించుకొనవచ్చును; వచ్చినదానిలో సగము రోములోని సెయింట్ పీటర్ దేవాలయ నిర్మాణమునకు, తక్కిన సగము ఫుగ్గరు బాకీకి. మొదటి సగమును గుఱించి వేదికలమీద ఘోషించిరి. రెండవ సగమును గుఱించి వినయముతో మౌనము వహించిరి. దానము చేసినవాడు తన కుడిచేయి చేయునది ఎడమచేతికి తెలియనీయరాదన్న ఉపదేశమును వసూలు చేసినవారు పాటించిన సందర్భము చరిత్రలో బహుశః ఇదియే.

డొమినికను సన్న్యాసి యోహాను టెట్జెల్ ఈ పత్రముల నమ్ముటకు 1517లో విట్టెన్‌బర్గ్ సమీపమందలి యూటర్‌బోగ్ పట్టణమునకు వచ్చెను. ఫ్రెడెరిక్ తన రాజ్యమున అడుగిడనీయలేదు గాని, అది విశ్వాసవిషయక మనస్తాపమువలన కాదు; స్వంత సరకున్న వర్తకుడు పరాయి సరకును సంతలోనికి రానిచ్చునా? ఆర్చిబిషప్పు పేర వెలువడిన ఆదేశములలోని ధరలపట్టిక నెంతమెచ్చినను తనివి తీరదు. రాజులకు, రాణులకు, బిషప్పులకు 25 రైను బంగారు నాణెములు, మఠాధిపతులకును కౌంటులకును 10, అంతకు దిగువ ప్రభువులకు 6, వర్తకులకు 3, చేతిపనివారికి 1, ఇంకను చిన్నవారికి అర. ఏమియు లేని నిఱుపేదలు ప్రార్థనలతోను ఉపవాసములతోను చెల్లింపవచ్చునట! నిత్యము ఉపవసించుట కలవాటుపడిన వారికి ఈ సౌకర్యము విశేషముగా ననుకూలించి యుండును. అంతకన్నను రమణీయమైన నిబంధన మఱియొకటి కలదు. బ్రదికియున్నవాడు తన కొఱకు క్షమాపణ కోరినచో పశ్చాత్తాపము, పాపసంకీర్తనము మొదలగు తొందరలు కొన్ని కలవు. చనిపోయిన తండ్రికొఱకు పత్రము కొనునపుడు ఆ తొందరలేవియు లేవు, పెట్టెలో నాణెము పడిన చాలును. ధర్మమార్గమున నడచుటకన్న చచ్చుట సులువని దీని తాత్పర్యము.

న్యాయము చెప్పవలెను గదా: పత్రము దోషమును పోగొట్టదనియు, దోషమునకు చెందిన తాత్కాలిక దండనమును మాత్రమే తగ్గించుననియు ఆనాటి పండితులు సూక్ష్మముగా వివరించియే యున్నారు. ఆ సూక్ష్మము గ్రంథములలో భద్రముగా నుండెను. పత్రము సంతలో నుండెను. 1567లో అయిదవ పయస్ పోపుగారు డబ్బుతో ముడిపడిన అట్టి పత్రములన్నిటిని రద్దు చేసిన మాటయు నిక్కము. కావున నేడు రోమువారిని వేళాకోళము చేయుట నా యుద్దేశము కాదు; దానికి చాలమంది యున్నారు, వారిలో సగముమంది స్వయముగా పద్దులు వ్రాయువారే.

ఈ దుకాణమును తుదకు కదలించినవాడు సోమరియు కాడు, భోగియు కాడు. నియమపాలనమున తన మఠమున కంతటికిని తలమానికమగు మార్టిన్ లూథరు. 1505లో ఎర్ఫర్ట్ మఠమున చేరినది మొదలు ఉపవాసములతో శరీరమును కృశింపజేసికొని, గంటలకొలది పాపములు చెప్పుకొనుచు గురువగు స్టౌపిట్జును విసిగించి, రోములో పవిత్రసోపానముల 28 మెట్లను మోకాళ్లమీద ఎక్కి, మెట్టుమెట్టునను తాతగారి యాత్మకొఱకు ప్రార్థించి, పైకి చేరిన పిమ్మట ఇది నిజమో కాదో ఎవ్వడెఱుగునని తలగోకికొనిన మహానుభావుడాయన. ఆయన చిట్టాలో జమ పెరిగినకొలదియు బాకీ యంతకన్న వేగముగా పెరుగుచు వచ్చెను. పౌలు రోమీయులకు వ్రాసిన లేఖను గ్రహించు ప్రయత్నమున, దేవుని నీతి యనునది మనుష్యుడు కూడబెట్టి చెల్లింపవలసిన కప్పము కాదనియు, క్రీస్తునందు ఉచితముగా ఈయబడునదియు, విశ్వాసముచే చేయి చాచి పుచ్చుకొనవలసినదియే యనియు ఆయనకు స్ఫురించిననాడు, చిట్టా మొత్తము అక్కఱమాలినదయ్యెను. దానిమీద బ్రదుకువారికి కోపము వచ్చుట సహజము.

ఆ కోపము జర్మనులతో పుట్టినది కాదు. గలతీయ సంఘములలో క్రీస్తుతోపాటు సున్నతియు నుండిన నిశ్చింతగా నుండునని బోధించినవారు టెట్జెలుకు పదునాలుగు వందల యేండ్ల పూర్వులు. అట్టి సున్నతిపక్షమువారికి జంకి అంతియొకయలో అన్యజనుల పంక్తినుండి లేచిపోయిన పేతురంతటివానిని పౌలు అందఱి యెదుటను నిలవేసెను.

అయినను నియమపక్షమువారి ప్రశ్న నేటికిని వాడలేదు: "అన్నియు కృపవలననే యైనచో జనులు విచ్చలవిడిగా చెడిపోరా?" ఈ ప్రశ్న వేయు పెద్దమనిషి, చిట్టా మూసిన మఱునాడే తాను దొంగతనమునకు బయలుదేఱుదునని ఒప్పుకొనుచున్నట్లు గ్రహింపడు. మంచిచెట్టు ఫలించుటకు ఉత్తరువు అక్కఱలేదని 1520లో లూథరు వివరించెను. పౌలు అంతకు ముందే ఈ యాక్షేపణను తానే యెత్తి తానే త్రోసివేసెను. చదువరులు వారి గ్రంథములు చూతురు గాక.

ఆ లూథరు పేరు ధరించిన మిషనుతో హేయర్ దొరగారు 1842 జూలై 31న గుంటూరు చేరిరి. నాటినుండి కృపాసువార్త తెలుగు దేశమున ధారాళముగా బోధింపబడుచున్నది. పాటలలోను ప్రసంగములలోను దానికి లోటులేదు. లోటెల్ల ప్రసంగము ముగిసిన పిమ్మట వచ్చును. జీతములో దశమభాగము పట్టుబడులకు ముందరి మొత్తముమీదనా, చేతికి వచ్చిన సొమ్ముమీదనా, భవిష్యనిధికి పోవు భాగమునందు ప్రభువునకు హక్కు కలదా లేదా యను చర్చ, ఏ శాఖవారి సంఘమునందైనను, త్రిత్వమును గూర్చిన చర్చకన్న దీర్ఘముగా సాగును. పెట్టెలో నాణెము మ్రోగు కాలము పోయి సెల్‌ఫోను కిణుక్కుమను కాలము వచ్చినది. విత్తనముగా వేసిన కానుకకు నూఱంతల పంట వచ్చునని తెఱమీద సెలవిచ్చు దైవజనుని యెదుట టెట్జెల్ శిష్యుడై కూర్చుండదగినవాడు. నలువది శ్రమదినములలో ఏ పూట ఎంత వఱకు ఉపవాసము, కాఫీ ఆహారమా పానీయమా యను విషయమున మన తల్లులు చేసిన మీమాంస ఒక సంపుటమునకు సరిపోవును. ఇక కొన్ని సంఘములలో కోడలు చెవిపోగులతో బల్లయొద్దకు వచ్చిన, మామగారి భక్తికి అపచారము జరుగును. పోగులు తీయించిన ఆ మామగారే, కట్నమును గూర్చి సంఘనియమావళి మౌనముగా నున్నదని శ్రద్ధతో పరిశీలించి, ఆ మొత్తమును పుచ్చుకొని, అందులో దశమభాగమును మాత్రము పైసతో సహా చెల్లించి రశీదు పుచ్చుకొనును. పుదీనలోను, సోపులోను, జీలకఱ్ఱలోను పదియవ వంతు తూచి యిచ్చి కనికరమును తూకమునకు పెట్టని పరిసయ్యులను ప్రభువు గద్దించిన భాగము చదువబడునపుడు, ఆయన తల పంకించుచు తన ప్రక్కవానివైపు చూచును.

కృపను విన్న పిమ్మటను మనము పద్దులు విడువకుండుటకు కారణము భయమని కొందఱందురు. నాకట్లు తోచదు. ఉచితముగా వచ్చినదానియందు పొరుగువానికన్న మనకు హెచ్చుభాగము కలదని చెప్పుకొనుటకు వీలులేదు. అసలు బాధ యిది. ద్రాక్షతోట ఉపమానము విన్నపుడు ఉదయమునుండి ఎండలో మ్రగ్గినవారికి ఒప్పుకొనిన దేనారము అణువైనను తగ్గలేదని అందఱెఱుగుదురు. అయినను మన పెద్దల సానుభూతి యెల్ల వారివైపే. ప్రొద్దుగ్రుంకు వేళ వచ్చి గంటసేపు పనిచేసినవానికి పూర్తికూలి యిచ్చిన యజమాని సంఘసభ్యుడే యైనచో ఈపాటికి సంజాయిషీ యడిగి యుందురు. తోట ఆయనది కావున ప్రస్తుతము ఊరకున్నారు. రాబోవు వార్షిక సమావేశమున కూలిరేట్ల సవరణకు ఉపసంఘము నొకదానిని నియమింతురనియు, దాని అధ్యక్షస్థానమునకు, తమ్ముడు తిరిగివచ్చిననాడు విందునకు రాక వాకిట నిలిచిపోయిన ఆ పెద్దకుమారుని పేరు ఏకగ్రీవముగా ప్రతిపాదింపబడనున్నదనియు వినికిడి.