అపనమ్మకానికి అర్హతలు

భారతీయ బ్యాంకింగ్ వ్యవస్థలో అపనమ్మకం నిషిద్ధం కాదు. దానికి కొన్ని అర్హతలు మాత్రం ఉన్నాయి. వందల కోట్ల డిపాజిట్ ఉన్న సంస్థ ఒక బ్యాంకును నమ్మడం మానేస్తే దాన్ని ముందుచూపు అంటారు, ఆ నిర్ణయం తీసుకున్న అధికారికి మెప్పు దక్కుతుంది. లక్షన్నర పొదుపు చేసుకున్న విశ్రాంత ఉపాధ్యాయుడు అదే పని చేస్తే దాన్ని వదంతికి లొంగడం అంటారు, ఆయనకు కంగారు పడవద్దన్న ప్రకటన దక్కుతుంది. సొమ్ము పెరిగేకొద్దీ అనుమానానికి పరువు పెరుగుతుందన్న ఈ సూత్రాన్ని ఆర్థికశాస్త్ర పాఠ్యగ్రంథాలు ఇంకా చేర్చుకోలేదు గానీ, 2020 మార్చిలో యస్ బ్యాంకు దానికి కావలసినంత ఆధారం సమకూర్చిపెట్టింది.

బ్యాంకు రన్ అంటే ఖాతాదారులంతా ఒకేసారి తమ సొమ్ము వెనక్కి అడగడం. ఏ బ్యాంకూ ఆ పరీక్షలో నెగ్గదు. జమ అయిన సొమ్ములో కొంత రిజర్వు బ్యాంకు దగ్గర, కొంత ప్రభుత్వ బాండ్లలో ఉంచి, అధికభాగాన్ని ఏళ్ల గడువుతో అప్పులుగా ఇచ్చివేయడమే బ్యాంకు చేసే వ్యాపారం కనుక, అందరూ ఒకేరోజు రారన్న నమ్మకం మీదే గల్లాపెట్టె నడుస్తుంది. ఆ నమ్మకం సడలినప్పుడు ప్రభుత్వం చేసే తక్షణ చికిత్స మారటోరియం, అంటే ఫలానా తేదీ వరకూ ఇంతకు మించి ఇవ్వనక్కరలేదని బ్యాంకుకు కల్పించే చట్టబద్ధమైన వెసులుబాటు. 2020 మార్చి 5 సాయంత్రం యస్ బ్యాంకుకు దక్కింది అదే: ఏప్రిల్ 3 వరకూ ఒక డిపాజిటరుకు, ఎన్ని ఖాతాలున్నా సరే, మొత్తం కలిపి రూ. 50,000. వైద్యం, పైచదువు, పెళ్లి వంటి అవసరాలకు రూ. 5 లక్షల దాకా మినహాయింపు ఇచ్చారు కాబట్టి, సొంత డబ్బు తీసుకోవడానికి ఆస్పత్రి చీటీయో శుభలేఖో పట్టుకొని కౌంటరు ముందు నిలబడే అరుదైన అవకాశం మధ్యతరగతికి దొరికింది. ఆరోగ్యంగా ఉండి, ఇంట్లో పెళ్లీడు పిల్లలు లేనివారి గోడును ఆ ఉత్తర్వు పట్టించుకోలేదు. మర్నాడు పొద్దున్నే పాల ప్యాకెట్టు చేతపట్టుకొని ఫోన్‌పే తెరిచినవారిలో ఎందరికో ఆ బ్యాంకులో ఖాతాయే లేదు. తమ చెల్లింపులు యస్ బ్యాంకు మీదుగా సాగుతున్నాయని వారికి తెలిసింది అవి ఆగిపోయాకనే.

సామాన్యుడు పరుగెత్తడం వల్లనే బ్యాంకులు కూలుతాయన్నది బ్యాంకర్లు తరచూ వినిపించే సిద్ధాంతం. అంకెలు దానికి సహకరించవు. 2019 సెప్టెంబరు చివర సుమారు రూ. 2.09 లక్షల కోట్లున్న యస్ బ్యాంకు డిపాజిట్లు డిసెంబరు చివరికి రూ. 1.66 లక్షల కోట్లకు, మారటోరియం విధించిన నాటికి రూ. 1.37 లక్షల కోట్లకు దిగిపోయాయి. ఐదు నెలల్లో డెబ్బై వేల కోట్లకు పైగా సొమ్ము గడప దాటిపోతున్నప్పుడు ఏ శాఖ ముందూ టెంటు వేయవలసిన అవసరం రాలేదు, తోపులాట జరగలేదు, పోలీసులు లాఠీలు ఎత్తలేదు; పెద్ద సొమ్ము క్యూలో నిలబడదు, కంప్యూటర్ మీద మీట నొక్కితే వెళ్లిపోతుంది. ఈ తరుగుదల తెలియజెప్పే డిసెంబరు త్రైమాసికం లెక్కలు, రూ. 18,564 కోట్ల నష్టంతో సహా, మార్చి 14న బయటికి వచ్చాయి. తలుపుకు తాళం పడి అప్పటికి తొమ్మిది రోజులు. చిన్న ఖాతాదారు పుకార్లు నమ్మాడని తప్పుపట్టేవారు, నమ్మదగిన లెక్క ఆయనకు ఏ రోజున అందిందో కూడా ఒకసారి చూసుకుంటే బాగుండేది.

ముందే బయటపడ్డవారిలో తెలుగువారి ఇలవేల్పు ఉండటం ఈ అధ్యయనానికి ఎంతో ఉపకరిస్తుంది. తిరుమల తిరుపతి దేవస్థానం యస్ బ్యాంకులో ఉన్న రూ. 1,300 కోట్లను కొన్ని నెలల ముందే వెనక్కి తీసుకుంది. పూరీ జగన్నాథుడివి మాత్రం రూ. 545 కోట్లు మారటోరియంలో చిక్కుకొని, ఒడిశా ప్రభుత్వం కేంద్రానికి మొరపెట్టుకోవలసి వచ్చింది. పెళ్లి ఖర్చుకు కుబేరుడి దగ్గర అప్పుచేసి యుగాల తరబడి వడ్డీ కడుతున్నాడని చెప్పుకునే వడ్డికాసులవాడికి ఋణదాతల గుట్టుమట్లు తెలిసి ఉండటంలో వింత లేదు. జగన్నాథుడికి ఆ అనుభవం లేదు. వడోదర స్మార్ట్ సిటీ సంస్థ కూడా తాళం పడటానికి కొద్దిగా ముందు రూ. 265 కోట్లు తరలించుకోగలిగింది. వీరిలో ఎవరినీ వదంతులు నమ్మినవారని ఎవరూ అనలేదు, అనకూడదు కూడా. వారు చేసింది సరైన పనే. అదే సరైన పనిని ఆలస్యంగా, తక్కువ మొత్తంతో చేయబోయినవారికి మాత్రం నీతిబోధ ఎదురైంది.

వదంతులు ఎక్కడ పుడతాయన్నది మరో చిక్కు ప్రశ్న. తొంభై రోజులు దాటినా వడ్డీగానీ అసలుగానీ రాని అప్పును నిరర్థక ఆస్తి అంటారు. 2015-16 సంవత్సరానికి తన నిరర్థక ఆస్తులు సుమారు రూ. 749 కోట్లని యస్ బ్యాంకు చెప్పగా, రిజర్వు బ్యాంకు వెళ్లి లెక్కపెడితే రూ. 4,926 కోట్లు తేలాయి. వీధి అరుగు మీద ఎవరైనా ఇంత తేడాతో మాట్లాడితే దాన్ని పుకారు అనే అంటారు. ఆడిట్ అయిన ఖాతాలో అచ్చయితే దాన్ని ‘డైవర్జెన్స్’, అంటే అంచనాల మధ్య వ్యత్యాసం అన్నారు. పంజాబ్ మహారాష్ట్ర సహకార బ్యాంకు కథ ఇంకా ముచ్చటైనది. దాని అప్పుల్లో డెబ్బై శాతానికి పైగా ఒకే ఒక స్థిరాస్తి వ్యాపార సమూహానికి వెళ్లాయి, ఆ సంగతి కనబడకుండా ఇరవై ఒక్క వేలకు పైగా బూటకపు ఖాతాలు సృష్టించారు. సంతకంలో ఒక కొమ్ము వంకర తిరిగిందని పింఛనుదారు చెక్కును వెనక్కి పంపే వ్యవస్థలో, ఆధార్ జిరాక్సు మసకగా ఉందని ఖాతాను స్తంభింపజేసే వ్యవస్థలో, మనుషులే లేని వేలాది ఖాతాలకు ఏ పత్రమూ తక్కువ కాలేదు. 2019 సెప్టెంబరు 23న దానిమీద ఆంక్షలు విధించి, తొలుత ఆరు నెలలపాటు ఒక్కో ఖాతా నుంచి రూ. 1,000 మాత్రమే తీసుకోవచ్చన్న రిజర్వు బ్యాంకు, వారం తిరిగేసరికి అక్టోబరు 1న, వదంతులు విని ఆందోళన పడనక్కరలేదు, బ్యాంకింగ్ వ్యవస్థ భద్రంగా ఉందని ప్రజలకు ధైర్యం చెప్పింది. సొంత సొమ్మును పరిమితికి లోబడి తీసుకోవలసినవారు ఆ ధైర్యాన్ని ఏ కిరాణా కొట్లో మార్చుకున్నారో తెలియరాలేదు.

డిపాజిట్లకు బీమా ఉందికదా అన్న సమాధానం సిద్ధంగా ఉంటుంది. కేరళలో 1960లో పాలై సెంట్రల్ బ్యాంకు మూతపడిన అలజడి తర్వాత, 1962లో రూ. 1,500 పరిమితితో మొదలైన ఈ రక్షణ 1993లో రూ. 1 లక్షకు చేరి, అక్కడే సుమారు ఇరవై ఏడేళ్లు విశ్రమించి, 2020 ఫిబ్రవరి 4న రూ. 5 లక్షలకు ఎదిగింది. అసలూ వడ్డీ కలిపి అంతవరకే. పైగా ఆ రోజుల్లో బ్యాంకు పూర్తిగా కన్నుమూస్తే తప్ప బీమా సొమ్ముకు దారి లేదు, మారటోరియంలో కొనఊపిరితో ఉన్న బ్యాంకు ఖాతాదారుకు తొంభై రోజుల్లో చెల్లించాలన్న సవరణ 2021లో గానీ రాలేదు.

తెలుగు రాష్ట్రాల ప్రజలు అపనమ్మకంలో కొంత ముందుగానే శిక్షణ పొందారు. హైదరాబాదు కేంద్రంగా వెలిగిన గ్లోబల్ ట్రస్ట్ బ్యాంకు మీద 2004 జులై 24న మారటోరియం పడి, రూ. 10,000 పరిమితి వచ్చింది. మూడు వారాల్లో దాన్ని ఓరియంటల్ బ్యాంక్ ఆఫ్ కామర్స్‌లో కలిపారు, 2020 ఏప్రిల్ 1న ఆ ఓరియంటల్ పంజాబ్ నేషనల్ బ్యాంకులో కలిసింది. భోగరాజు పట్టాభి సీతారామయ్య మచిలీపట్నంలో నెలకొల్పిన ఆంధ్రా బ్యాంకు కూడా, ఏ రన్నూ లేకుండానే, అదే రోజున యూనియన్ బ్యాంకు బోర్డు వెనక్కి తప్పుకుంది. 2017లో లోక్‌సభ ముందుకొచ్చిన ఎఫ్‌ఆర్‌డీఐ బిల్లులో ‘బెయిల్-ఇన్’ అనే నిబంధన ఉండేది. మునిగిపోయే బ్యాంకును బయటి సొమ్ముతో కాక, దానికి డబ్బిచ్చినవారి బాకీలను తగ్గించి లేదా షేర్లుగా మార్చి నిలబెట్టడం దాని ఉద్దేశం. బీమా పరిధిలోని డిపాజిట్ల జోలికి రాబోమని ఎంత చెప్పినా జనం చెవిన పెట్టలేదు. 2018 ఏప్రిల్‌లో తెలంగాణ, ఆంధ్రప్రదేశ్‌లలో ఏటీఎంల ముందు ‘నో క్యాష్’ అట్టలు వేలాడినప్పుడు కొన్ని ప్రాంతాల్లో నగదుకు అసాధారణమైన గిరాకీ వచ్చిందని ఆర్థిక మంత్రి అరుణ్ జైట్లీ వివరించారు. ఆ గిరాకీకి ఈ బిల్లు భయం కూడా ఒక కారణమని అప్పట్లో గట్టిగానే వినబడింది. జనం బిల్లును అపార్థం చేసుకున్నారని చెబుతూ వచ్చిన ప్రభుత్వం, ఆగస్టులో బిల్లునే వెనక్కి తీసుకుంది.

యస్ బ్యాంకు మాత్రం బతికింది. స్టేట్ బ్యాంకు రూ. 6,050 కోట్లు పెట్టి ముందు నిలవగా, మరికొన్ని బ్యాంకులు తమ తమ ఖాతాదారుల సొమ్ములోంచి తలా కొంత వేసి, మార్చి 18 సాయంత్రానికి తలుపులు తెరిపించాయి. డిపాజిటర్ల సొమ్ము పైసాతో సహా నిలిచింది. అయినా నెలాఖరుకు డిపాజిట్లు రూ. 1.05 లక్షల కోట్లకు జారాయి. నష్టపోయింది పరుగెత్తినవారు కాదు, బ్యాంకును మిగతావారికంటే ఎక్కువగా నమ్మినవారు. ఏటీ-1 బాండ్లు, అంటే గడువు తీరే తేదీ లేని, కష్టకాలంలో పూర్తిగా రద్దు చేయడానికి వీలున్న అప్పు పత్రాలు, రూ. 8,415 కోట్ల మేర చిత్తుకాగితాలయ్యాయి. వాటిని ‘సూపర్ ఎఫ్‌డీ’ అని చెప్పి సొంత ఖాతాదారులకే అంటగట్టినందుకు సెబీ తర్వాత బ్యాంకుకు జరిమానా వేసింది, రద్దు చెల్లుతుందా లేదా అన్న తగువు కోర్టులకెక్కింది. వాటాదారుల విషయంలో పునరుద్ధరణ పథకం ఇంకో అడుగు ముందుకు వేసి, ఎవరూ మళ్లీ మనసు మార్చుకోకుండా, వారి షేర్లలో 75 శాతాన్ని మూడేళ్లపాటు అమ్మడానికి వీల్లేదని శాసించింది. వందకు మించి షేర్లు లేనివారికి మాత్రం ఆ నిబంధన వర్తించలేదు. ఈ మొత్తం వ్యవహారంలో చిన్నవాడు కావడం వల్లనే దక్కిన ఒకే ఒక మినహాయింపు అది, అదీ షేరు ధర పడిపోయాక.