ఆఫీసు పుట్టకముందే వచ్చిన ఆఫీసరు

అనంతగిరి కొండల్లోని బొర్రా గుహల మీద ఏ కరపత్రం తీసినా, అక్కడ ఏ గైడు నోరు తెరిచినా మొదట వినబడే సంగతి ఒకటే. 1807లో జియలాజికల్ సర్వే ఆఫ్ ఇండియాకి చెందిన విలియం కింగ్ జార్జ్ అనే దొర ఈ గుహల్ని కనిపెట్టాడట. వినడానికి నిబ్బరంగానే ఉంటుంది. ఏడాది ఉంది, సంస్థ ఉంది, దొర కూడా ఉన్నాడు. చిక్కల్లా ఏమిటంటే, ఆ సంస్థ పుట్టింది 1851లో. అంటే ఆఫీసు తెరవడానికి నలభై నాలుగేళ్ళ ముందే ఆఫీసరు అనంతగిరికి క్యాంపు వచ్చేశాడు. టీఏ బిల్లు ఎవరికి పెట్టుకున్నాడో మరి. విలియం కింగ్ అనే పెద్దమనిషి ఆ సంస్థలో నిజంగానే ఉన్నాడు, 1887లో డైరెక్టరు కూడా అయ్యాడు. కాకపోతే 1807 నాటికి ఆయన ఇంకా పుట్టలేదు.

ఇదే గుహల్లో ఆంధ్ర విశ్వవిద్యాలయం వాళ్ళకి పాతరాతియుగపు పనిముట్లు దొరికాయి. అవి వాడినవాళ్ళు గుహని కనిపెట్టలేదు లెండి, ఊరికే అందులో తలదాచుకున్నారు.

ముందు వెనకల మాటొచ్చింది కాబట్టి, మహావిస్ఫోటానికి ముందు ఏముండేదన్న ప్రశ్న దగ్గర లోకంలోని భౌతిక శాస్త్రవేత్తలంతా తలలు పట్టుకుని కూచున్నారు. కాలమే అక్కడ మొదలైతే అసలు ‘ముందు’ అన్న మాటకి అర్థముందా అని కొందరి సందేహం. మన దగ్గర ఆ బాధ లేదు. కారణం కంటే ముందు కార్యం వచ్చేస్తుందని బొర్రాలో ఏనాడో తేల్చేశాం.

ఈ సంగతి మా బావగారికి చెబుదామనే మొన్న ఆయనతో కిరండూల్ పాసింజరు ఎక్కాను. ముప్ఫై ఏళ్ళ సర్వీసులో ఒక్క ఫైలు మీద కూడా సొంత అభిప్రాయం రాయని మనిషి ఆయన. రిటైరయ్యాక విశ్వం మీద పడ్డారు. శివలింగపురం వచ్చేసరికి సృష్టి ఆరంభం ముగించారు. త్యాడ దగ్గర కృష్ణబిలాలు. చిమిడిపల్లిలో బండి ఆగితే, ఆ ఆగిన కాసేపట్లోనే సమాంతర విశ్వాలు కూడా అయిపోయాయి. మధ్యలో సొరంగం వెనక సొరంగం వచ్చి మాట వినబడకుండా చేశాయి కాబట్టిగానీ, లేకపోతే బొర్రాకి ముందే మొత్తం సిలబస్ పూర్తయ్యేది. ప్రతి అధ్యాయానికీ పల్లవి ఒకటే: “ఇదంతా మనవాళ్ళు ఎప్పుడో చెప్పేశారు.”

ఆ ‘మనవాళ్ళు’ చెప్పినవాటికి ఒక చిత్రమైన లక్షణముంది. బయటివాడెవడో కనిపెట్టిన మర్నాడు మాత్రమే అవి దొరుకుతాయి. ముందురోజు ఎంత వెతికినా కనబడవు. అందుకే దొరికిన జవాబుల జోలికి పోకుండా దొరకనివాటి గురించి అడిగాను. విశ్వంలో మనకి తెలిసిన పదార్థం నూటికి 5 వంతులే, 27 వంతులు కృష్ణపదార్థం, మిగతా 68 కృష్ణశక్తి అంటున్నారు గదా, ఆ 95 వంతులూ ఏమిటి? విశ్వం వ్యాకోచించే వేగాన్ని ఒక దారిలో కొలిస్తే, దాదాపు 33 లక్షల కాంతి సంవత్సరాల దూరానికి, సెకనుకి 67 కిలోమీటర్లు వస్తోంది. ఇంకో దారిలో 73. రెండు దారులవాళ్ళూ లెక్క మళ్ళీ మళ్ళీ సరిచూసుకున్నా తేడా పోవడం లేదు. మనవాళ్ళ అంకె ఏది? పదార్థమూ ప్రతిపదార్థమూ సరిసమానంగా పుట్టి ఒకదాన్నొకటి మింగేసుకుని ఉండాల్సింది, మరి మీరూ నేనూ ఈ రైలూ ఎలా మిగిలాం?

బావగారు పల్లీ పొట్లం విప్పారు. “ఉంటుందోయ్. అదీ ఉంటుంది. వెతకాలి.”

విశ్వం వయసు 1380 కోట్ల ఏళ్ళని లెక్కగట్టినవాళ్ళే, మొట్టమొదటి క్షణంలో ఏం జరిగిందో తెలియదని ఒప్పుకుంటారు. బావగారి దృష్టిలో అది వాళ్ళ చేతగానితనం. ఋగ్వేదం పదో మండలంలో సృష్టి గురించిన సూక్తం కూడా చివరికి సందేహం దగ్గరే ఆగుతుంది గదండీ అన్నాను. అనువాదం తప్పయ్యుంటుందన్నారు.

ఆయన్ని అని లాభం లేదు. 2019 జనవరిలో జలంధర్‌లో జరిగిన ఇండియన్ సైన్స్ కాంగ్రెస్‌లో, పైన చెప్పిన పనిముట్లు తవ్వి తీసిన ఆంధ్ర విశ్వవిద్యాలయానికే అప్పుడు వైస్ ఛాన్సలర్‌గా ఉన్న ఆచార్యులు, కౌరవులు టెస్ట్‌ట్యూబ్ పరిజ్ఞానంతో పుట్టారనీ, రావణుడికి 24 రకాల విమానాలుండేవనీ సెలవిచ్చారు. అదే సభలో ఇంకొకాయన న్యూటన్‌నీ ఐన్‌స్టీన్‌నీ ఒక్క దెబ్బకి కొట్టిపారేసి, గురుత్వ తరంగాలకి ప్రధానమంత్రి పేరు పెట్టాలన్నాడు. రావణుడికి 25వ రకం ఎందుకు లేదో ఎవరూ అడగలేదు. ఆధారం అడగడం మన సభల్లో అమర్యాద.

అడిగేచోట మాత్రం గట్టిగానే అడుగుతారు. ఈ తూర్పు కనుమల రాయికి భూగర్భ శాస్త్రంలో ఖోండలైట్ అని పేరు. 1902లో టి.ఎల్. వాకర్ అనే ఆయన ఈ కొండల్లోని కోదు గిరిజనుల పేరు మీదే పెట్టాడు. దాదాపు వంద కోట్ల ఏళ్ళ కిందట కాగి ముద్దయిన రాయి, తూర్పు అంటార్కిటికాతో చుట్టరికం ఉన్న రాయి. కోణార్క గుడి కట్టింది చాలావరకు ఈ జాతి రాతితోనే. అంతటి రాతికి పేరిచ్చినవాళ్ళు తమ పోడు చెక్కకి పట్టా కావాలంటే, 2005 డిసెంబరు 13కి ముందు నుంచీ అక్కడ సాగులో ఉన్నట్టు రుజువు తేవాలి. ఒకటి చాలదు, ఒకటికి మించి తేవాలి. ఈ బొర్రా చుట్టుపక్కల గనుల లీజుల మీద మొదలైన సమత కేసులో 1997లో సుప్రీంకోర్టు తీర్పిచ్చేదాకా, ఇక్కడి నేలని ప్రభుత్వం గిరిజనేతరులకి లీజుకివ్వొచ్చా అన్న ప్రశ్నకే జవాబు తేలలేదు. కోదుకి కాగితం కావాలి. 24 విమానాలకి అక్కర్లేదు. లేని ఆఫీసు నుంచి వచ్చిన దొరకీ అక్కర్లేదు.

గుహలో గైడు కుర్రాడు టార్చి వేశాడు. “ఇటు చూడండి సార్, శివపార్వతులు. ఇది తల్లీబిడ్డ. ఇది ఋషి గడ్డం. అది మొసలి.” టార్చి ఎటు తిప్పితే అటు ఒక అవతారం. సున్నపురాయిని కరిగించుకుని నీటిబొట్టు దిగుతుంది, దిగినచోట కాస్తంత విడిచిపోతుంది. వేల ఏళ్ళపాటు అదే పని. బొట్టుకి ఋషి తెలియడు, మొసలీ తెలియదు. కుర్రాడికీ ఆ సంగతి తెలుసు. జనం పేరు లేని రాయికి డబ్బులివ్వరని కూడా తెలుసు. వెలుగు పడని మూల చూపించి, అక్కడేముందని బావగారు అడిగారు.

“అక్కడ లైటు లేదు సార్. తెలీదు.”

బావగారికి కోపమొచ్చింది. గైడన్నాక తెలీదనడమేమిటి! అక్కడ ఐరావతం ఉందని ఆయనే చెప్పేశారు. పక్కనున్న శ్రీకాకుళం కుటుంబం ఆ చీకటిని ఫొటో తీసుకుంది.

బయటికొచ్చేసరికి ఆకలి. నిప్పుల మీద చికెన్ కూరిన వెదురు బొంగులు దొర్లిస్తున్న ఆవిడ దగ్గర కూచున్నాం. బావగారు ఒక బొంగుని ఎగాదిగా చూసి ఉడికిపోయిందని తీర్మానించారు. వెదురు రంగు, పొగ వాసన, కాలిన వేళ అన్నీ కలిపి ఒక సిద్ధాంతం కూడా చెప్పారు. ఆవిడ అంతా విని బొంగుని ఇంకోవైపు తిప్పింది.

“ఉడికినాదేటి?” అన్నాను, నాకొచ్చినంత యాసలో.

“ఇప్పి సూడకుండా ఎలా సెప్తాం బాబూ,” అని కత్తి కోసం అటూ ఇటూ వెతుక్కుంది.