పలక మీద అంకె

మా బావ బేకర్స్‌ఫీల్డ్‌లో చమురు కంపెనీ ఇంజనీరు. తెనాలిలో పుట్టి, వాల్తేరులో చదివి, కాలిఫోర్నియాలో స్థిరపడ్డ మనిషి. మూడు చోట్లా ఎవరి మాటా విన్న పాపాన పోలేదు. తోటివాళ్లంతా గోల్ఫు కర్రలు కొనుక్కునే వయసులో డ్రాగ్‌స్టర్ కొంటానని కూర్చున్నాడు. అదీ ముందు ఇంజన్‌ది.

"ముందు కాకపోతే ఇంజన్ వెనకుంటుందా?" అంది అక్క.

"ఇప్పుడన్నీ వెనకే" అన్నాడు బావ, పాఠం చెప్పే అవకాశం వచ్చినందుకు సంబరపడుతూ.

పావు మైలు, అంటే 402 మీటర్లు, తిన్నగా పరిగెత్తే పందెం కోసం కట్టిన బండి డ్రాగ్‌స్టర్. పాత డ్రాగ్‌స్టర్లలో ఇంజన్ ముందుంటుంది. డ్రైవరు వెనక ఇరుసుకి కూడా వెనక, దానికి చెరోవైపు కాలు చాపుకుని కూర్చుంటాడు. బరువంతా వెనక టైర్ల మీద పడితే నేల మీద పట్టు చిక్కుతుందని అలా కట్టారు. వచ్చిన చిక్కల్లా ఏం పేలినా మనిషి మీదే పేలుతుంది. 1970 మార్చి 8న లాంగ్‌బీచ్ దగ్గరి లయన్స్ స్ట్రిప్‌లో డాన్ గార్లిట్స్ బండికి బయల్దేరే గీత దగ్గరే ట్రాన్స్‌మిషన్ పేలింది. బండి రెండు ముక్కలైంది, ఆయన కుడిపాదంలో కొంత భాగం పోయింది. ఆసుపత్రి మంచం మీదే ఆయన ఇంజన్‌ని వెనక్కి పెట్టాలని నిర్ణయించుకున్నాడు. మరుసటి ఏడాది పొమోనాలో అలాంటి బండితోనే గెలిచాడు. ఆ తర్వాత కొన్నేళ్లకే ముందు ఇంజన్ బళ్లు పెద్ద పోటీల్లోంచి తప్పుకున్నాయి. ఇప్పుడవి పాతకాలం మోజున్న అమెచ్యూర్ల చేతుల్లోనే తిరుగుతున్నాయి.

"అంటే, పాదం పోతుందని తెలిసి లోకమంతా వదిలేసిన బండిని మీరు డబ్బిచ్చి కొంటున్నారన్నమాట" అంది అక్క.

"ఇప్పుడు ట్రాన్స్‌మిషన్‌కి కవచం ఉంటుందే" అన్నాడు బావ. సంభాషణ అక్కడితో ఆగింది. బేరం ఆగలేదు.

ఊరికి ఉత్తరాన ఆయిల్‌డేల్‌లో ఓ ముసలి దంపతుల దగ్గరుందా బండి. బావ, నేను, పదహారేళ్ల మా మేనకోడలు వెళ్లాం. షెడ్డు తలుపు తీయగానే, నిచ్చెనకి చక్రాలు తగిలించినట్టు గోడ నుంచి గోడ దాకా పరుచుకుని ఉంది. ముందు సైకిల్ చక్రాల్లాంటివి రెండు, వెనక గీతల్లేని వెడల్పాటి టైర్లు రెండు. మధ్యలో 350 షెవర్లె ఇంజన్, మిథనాల్ తాగే హిల్బోర్న్ ఇంజెక్షన్, రెండే గేర్ల పవర్‌గ్లైడ్ ట్రాన్స్‌మిషన్. పావు మైలు ఎనిమిదిన్నర సెకన్లలో దాటుతుంది. గీత దాటేటప్పుడు వేగం గంటకి 250 కిలోమీటర్ల దరిదాపుల్లో ఉంటుంది.

ముసలాయన ఇంధనం పైపులోంచి ఓ ఇత్తడి బిళ్ళ తీసి బావ అరచేతిలో పెట్టాడు. చిటికెన వేలి గోరంత ఉంది, నడిమధ్య సన్నటి బెజ్జం. దాన్ని పిల్ అంటారు. పంపు తోడిన ఇంధనంలో ఇంజన్‌కి పోగా మిగిలింది ఆ బెజ్జంలోంచే ట్యాంకుకి తిరిగి వెళ్తుంది. బెజ్జం పెద్దదైతే ఎక్కువ వెనక్కి పోయి ఇంజన్‌కి తక్కువ అందుతుంది. చిన్నదైతే ఎక్కువ అందుతుంది. వేడి గాలి పలచన, దానికి ఇంధనం తక్కువ కావాలి. చల్లగాలి చిక్కన, దానికి ఎక్కువ కావాలి. డబ్బీ నిండా రకరకాల బెజ్జాల బిళ్ళలున్నాయి. బావ కళ్లు మెరిశాయి. తిప్పడానికి ఏదో ఒకటి ఉంటే చాలు, ఆ మనిషిని పట్టలేం.

పెద్దావిడ నిమ్మరసం తెచ్చిచ్చింది. ఇంజన్ మాటలు తెగేట్టు లేవని అమ్మాయి ఆవిడ వెంట వంటింట్లోకి వెళ్లింది.

బేరం కుదిరాక ముసలాయన ఓ అట్టపెట్టె చూపించాడు. నిండా నోటు పుస్తకాలు. "ఇవీ బండితోపాటే" అన్నాడు.

బావ ఒకటి తిరగేశాడు. తేదీ, వేళ, ఎండ, తేమ, గాలి పీడనం, గాలి ఎటు వీస్తోంది, ఏ బిళ్ళ వేశారు, ఎంతలో పరిగెత్తింది. పేజీల నిండా గుండ్రటి చేతిరాత. "థాంక్స్, అక్కర్లేదు. వాతావరణ యంత్రం, సాఫ్ట్‌వేరు కొంటున్నాను" అని పుస్తకం పెట్టెలో పడేశాడు. పెద్దావిడ ఏమీ అనకుండా పెట్టె లోపలికి తీసుకుపోయింది. బయల్దేరేముందు బావ ఆవిడతో మాట్లాడింది ఒక్క ముక్కే: బాత్రూమ్ ఎటు అని.

బావ రేసు లైసెన్సు తెచ్చుకున్నాడు. వేసవిలో నలభై డిగ్రీల ఎండలో మంటలకి తాళే సూటు తొడుక్కునేవాడు. పగటిపూట మిథనాల్ మంట కంటికి కనపడదు, అందుకని ఆ సూటు తప్పదు. ఫామోసో రేస్‌వే మా ఊరికి దగ్గరే. రెండో ప్రపంచ యుద్ధం నాటి విమానాల మైదానం, చుట్టూ బాదం తోటలు. మార్చ్ మీట్ అనే పెద్ద పోటీ అక్కడ 1959లో మొదలైంది. మేం వెళ్లేది అంత ఆర్భాటానికి కాదు, మామూలు శనివారం పోటీలకి. నా పని బండిని లాగడం, టైర్లలో గాలి చూడటం, గెలిస్తే ఫొటో తీయడం. మూడో పని ఎప్పుడూ పడలేదు.

ఎందుకంటే ఈ పోటీలో గెలుపు వేగంతో రాదు. తన బండి ఎంతలో పరిగెత్తుతుందో పోటీదారు ముందే అంకె రాసి పెట్టాలి. నెమ్మది బండిని ఆ తేడా మేరకు ముందు వదులుతారు. ఇద్దరూ రాసిన అంకెకే కట్టుబడితే పచ్చలైటు పడగానే త్వరగా కదిలినవాడిదే గెలుపు. రాసినదానికన్నా నెమ్మదిస్తే వెనకబడతారు. రాసినదానికన్నా వేగంగా వెళ్తే ఏకంగా ఓడిపోతారు. దాన్ని బ్రేకవుట్ అంటారు. ఎవరు వేగంగా వెళ్తారన్నది కాదు, తన బండి సంగతి తనకెంత తెలుసన్నదే పరీక్ష.

బావకి ఈ పరీక్ష ఎక్కలేదు. బండి పక్కన వేలాడే నల్ల పలక మీద తెల్లటి షూ పాలిష్‌తో రాసే ఆ అంకెని ఆయన ఎంసెట్ ర్యాంకు అనుకున్నాడు. ఎంత తక్కువైతే అంత గొప్ప. సాఫ్ట్‌వేరు 8.66 అంటే ఈయన 8.60 రాసి, దాన్ని అందుకోవడానికి రౌండు రౌండుకీ బిళ్ళ మార్చేవాడు. బండి ఒకసారి అందుకునేది కాదు, మరోసారి దాటిపోయేది. చేతిలో టైమ్ స్లిప్ పట్టుకుని, అరవై అడుగుల దగ్గర ఇంత, సగం దూరంలో ఇంత అని లెక్క కట్టి, తప్పంతా గాలిదేనని తేల్చేవాడు.

అమ్మాయి మాత్రం ప్రతి శనివారం వచ్చేది. మడత కుర్చీలో కెమిస్ట్రీ పుస్తకం ఒళ్లో పెట్టుకుని ఏదో రాసుకుంటూ ఉండేది. "చూశావా, ఇంత మోతలోనూ చదువు మానదు" అని బావ మురిసిపోయేవాడు.

ఆ శనివారం అదృష్టం కలిసొచ్చింది. ఎదుటివాళ్లు తొందరపడి పచ్చలైటు పడకముందే కదిలి ఎర్రలైటు తెచ్చుకోవడంతో బావ ఫైనల్ దాకా వచ్చేశాడు. మిట్టమధ్యాహ్నం ఎండలో బండి 8.61లో పరిగెత్తింది. ఫైనల్‌కి ఎదుట ఓ కుర్రాడు, వాడి చేతిలో తుప్పు మరకల పాత నోవా కారు. పావు మైలుకి పదకొండున్నర సెకన్లు తీసుకునే బండి. ముసలి దంపతులు కూడా తమ పాత బండిని చూసుకోవడానికి వచ్చి కంచె పక్కన కూర్చున్నారు.

పొద్దు బాదం చెట్ల వెనక్కి వాలింది. బావ పలక మీద 8.60 రాశాడు. అమ్మాయి దగ్గరికి వచ్చింది.

"నాన్నా, చల్లబడింది..."

"చల్లగా ఉంటే స్వెటర్ వేసుకోమ్మా" అని బావ హెల్మెట్ పెట్టుకున్నాడు.

అమ్మాయి ఒక్క క్షణం నిలబడి, కోక్ తెచ్చుకుంటానని అటు నడిచింది. కాసేపటికి పక్క వరసలో కుర్రాడు అద్దం మీది 11.46ని తుడిచి 11.40 రాస్తూ కనిపించాడు.

"బెదిరిపోయాడు పాపం. అంకె మార్చుకుంటున్నాడు" అన్నాడు బావ.

నోవా ముందు కదిలింది. రెండున్నర సెకన్లు దాటాక మా బండి లంఘించింది. దూరం సగానికి పైగా తగ్గింది, చివరికి వచ్చేసరికి పక్కపక్కకి వచ్చాయి, బావ నోవాని దాటి గీత తొక్కాడు. పారాచూట్ విచ్చుకుంది. నేను ఫోన్ తీసి ఫొటోకి సిద్ధమయ్యాను. గెలుపు లైటు మాత్రం నోవా వైపు వెలిగింది.

మా స్లిప్ మీద 8.55. కుర్రాడి స్లిప్ మీద 11.41.

బావ హెల్మెట్ తీసి చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత తిన్నగా ముసలాయన దగ్గరికి నడిచాడు.

"ఆ పుస్తకాలు నాకు కావాలి. వెయ్యి డాలర్లిస్తాను" అన్నాడు.

"నన్నడుగుతావేం? రాసింది ఆవిడ. అంకె ఆవిడ చెప్పేది, నేను యాక్సిలరేటర్ తొక్కేవాణ్ణి. అంతే" అన్నాడు ముసలాయన.

బావ పెద్దావిడ వైపు తిరిగాడు. పేరేమిటో గుర్తు తెచ్చుకోబోయి, అసలు అడగనేలేదని తెలిసి, "మేడమ్..." అన్నాడు.

"అవి నా దగ్గర లేవు. బండి అమ్మిన రోజే మీ అమ్మాయికి ఇచ్చేశాను" అందావిడ. "మీరు షెడ్డులో ఉన్నంతసేపూ నా పక్కన కూర్చుని ఒక్కో పేజీ అడిగి తెలుసుకుంది. బండిని మార్చకు, అంకెను మార్చు అని నేర్పాను. మీరు బిళ్ళ మారిస్తే అది కూడా రాసుకుని, దానికి తగ్గట్టే అంకె వేసేది. ప్రతివారం తను వేసిందీ, బండి పరిగెత్తిందీ ఫోన్‌లో నాకు పంపిస్తుంది. తేడా సెకనులో రెండు వందో వంతులు ఎప్పుడూ దాటలేదు. మరి మీరు పలక మీద వేరే అంకె ఎందుకు రాస్తారో నాకు అంతుపట్టేది కాదు. మీ దేశంలో అచ్చొచ్చే అంకెలు, అచ్చిరాని అంకెలు ఉంటాయేమో, అడిగితే ఏమనుకుంటారోనని ఊరుకున్నాను."

బావ వెనక్కి వచ్చాడు. అమ్మాయి కుర్చీలోనే ఉంది. కెమిస్ట్రీ పుస్తకంలో ఓ నోటు పుస్తకం.

"ఇవాళ ఎంత వేశావు?"

"8.54."

"నాకు చెప్పొచ్చుగా?"

"చెప్పబోయాను. స్వెటర్ వేసుకోమన్నావు."

బావ పుస్తకం అందుకుని చూశాడు. 8.54 కింద ఇంకో వరస ఉంది. నోవా, 11.40.

"ఇదేంటి?" అన్నాడు గొంతు పెగుల్చుకుని.

"అతను అడిగాడు నాన్నా."