తలుపు లేని అరకు స్తోత్రం

ఓ ఓపెన్ షెల్ఫూ! పొయ్యి పక్క గోడకు, కింద ఆసరా ఏదీ కనిపించకుండా గాలిలో నిలిచినట్టుండే పలకా! నిన్ను పొగడాలి. లేని గుణం ఒక్కటీ అంటగట్టను. ఉన్నవి చెబితే చాలు.

నీ దగ్గర దాపరికం లేదు. కప్‌బోర్డు తలుపు వేశాక లోపల మూత పోయిన డబ్బా ఉందో, సగం చింపి రబ్బరు బ్యాండు వేసిన శనగపిండి ప్యాకెట్టు ఉందో, పెళ్లిలో వచ్చి ఎన్నడూ వాడని గిన్నెల సెట్టు ఉందో బయటివాళ్లకు తెలియదు. నువ్వు ఉన్నది ఉన్నట్టు చూపిస్తావు. చుట్టాలు వచ్చిన రోజూ చూపిస్తావు, ఇంటావిడ జ్వరంతో లేవలేని రోజూ చూపిస్తావు. ఆమె సర్దలేకపోయిన పూట గురించి సాక్ష్యం చెప్పాల్సి వస్తే నువ్వు హరిశ్చంద్రుడివి.

పక్షపాతం కూడా ఎరగవు. మూకుట్లో ఎండుమిరపకాయలు వేగి, ఆవాలు చిటపటలాడి, నూనె ఆవిరి లేచిందంటే దాన్ని కాఫీ కప్పుకూ, చంటిపిల్ల పాలగ్లాసుకూ, అతిథుల కోసం దాచిన పింగాణీ పళ్లేనికీ సమంగా పంచుతావు. పులిహోర పోపైనా, చేపల వేపుడైనా, అప్పడాలైనా నీ ధర్మం ఒక్కటే. చిమ్నీ ఉందిగా అంటారు. అది లాగినంత లాగుతుంది. బయటికి గొట్టం లేని చిమ్నీ అయితే గాలిని వడగట్టి మళ్లీ వంటగదిలోకే వదులుతుంది. మిగిలిన ఆవిరికి చోటు ఇవ్వడానికి నువ్వు ఉన్నావు.

ఇక నీ జ్ఞాపకశక్తిని చెప్పాలంటే కాస్త రసాయనశాస్త్రం కావాలి. పొద్దుతిరుగుడు నూనెలోని అసంతృప్త కొవ్వులు గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి, ఒకదానితో ఒకటి అల్లుకుని మెల్లగా బంకగా మారతాయి. కలపకు పట్టించిన అవిసె నూనె పొరలా గట్టిపడేదీ ఈ పద్ధతిలోనే. కాబట్టి నీ మీద ఇవాళ పడిన నూనె తుంపర కొన్నాళ్లకు ఒట్టి నూనెగా ఉండదు. దుమ్మును పట్టుకుంటుంది, తుమ్మబంకలా అతుక్కుంటుంది. తడిగుడ్డకు కదలదు. వేడినీళ్లు, చాకలి సోడా, చేతిలో సత్తువ కావాలి. ఆ ఇంట్లో చేసిన పోపులన్నీ నువ్వు గుర్తుపెట్టుకుంటావు. మరిచిపోయేలా చేయడం ఇంకొకరి పని.

ఆ ఇంకొకరు ఎవరో నువ్వు ఎన్నడూ చెప్పవు. అది నీ వినయం. దేశమంతటా 2019లో జరిపిన కాలవినియోగ సర్వేలో ఇంటిపనులు చేసే ఆడవాళ్లు రోజుకు సగటున 299 నిమిషాలు వాటికి ఖర్చుపెడుతున్నారని తేలింది. ఆ పనులు చేసే మగవాళ్లది 97 నిమిషాలు. అసలు ఆ పనులు చేసే మగవాళ్లే తక్కువ. ఆ 299 నిమిషాల్లోకి ఒక్కొక్క సీసానూ దించి, తుడిచి, మళ్లీ అదే వరసలో పెట్టే పనిని నువ్వు చేర్చావు. వంటింటిని అందంగా ఉంచుతానన్న మాట నువ్వు నిలబెట్టుకుంటావు, నిజమే. ఆ మాటను రోజూ నెరవేర్చే చెయ్యి మాత్రం ఆమెది.

1926లో ఫ్రాంక్‌ఫర్ట్ నగరం కట్టించిన ఇళ్లకు మార్గరెటె షూటె-లిహోట్స్కీ అనే ఆర్కిటెక్టు వంటగది గీసింది. ఆడదాని అడుగులు, చేతి కదలికలు ఎలా తగ్గుతాయన్నదే ఆమె లెక్క. పిండికీ ధాన్యాలకూ పేర్లు రాసిన అల్యూమినియం సొరుగులు పెట్టింది. గిన్నెలను తలుపుల వెనక ఉంచింది. శ్రమ తగ్గించాలని కూర్చున్నవాళ్లకు నువ్వు ముందుగా గుర్తుకు రావు. ఫొటో తీయాలని కూర్చున్నవాళ్లకు వస్తావు. ఆ ఫొటో కూడా గృహప్రవేశంలో పాలు పొంగించక ముందే తీయాలి.

వెలుతురంటే నీకు ఎంత ప్రేమో! ఎండాకాలం మిల్లులో పట్టించిన గుంటూరు కారం, ఇంట్లో దంచిన పసుపు గాజుసీసాల్లో నీ మీద వరసగా నిలబడితే చూడముచ్చటగా ఉంటుంది. కారానికి ఎరుపునిచ్చే కెరోటినాయిడ్లు, పసుపులోని కర్క్యుమిన్ వెలుతురు సోకితే తరిగిపోతాయి. వస్తువును చూపించాలన్న నీ ఆరాటంలో ఆ వస్తువు చూడదగ్గదిగా మిగలదు.

నీ వంశాన్ని తలుచుకోకుండా స్తోత్రం పూర్తికాదు. గోడలో నాటిన కడప బండల అరలు మన ఇళ్లలో ఎన్ని లేవు! వాటికీ తలుపుల్లేవు. స్టీలు స్టాండుకు లేవు, గోడలో గూటికీ లేవు. కానీ ఆ వంటింట్లో తలుపు అరకు కాక జాడీకి ఉండేది. ఆవకాయ జాడీకి గుడ్డ చుట్టి వాసెన కట్టేవాళ్లు. పింగాణీలోంచి వెలుతురు దూరదు. పోపుల పెట్టెకు మూత, బియ్యం డ్రమ్ముకు మూత. స్టాండు మీది కంచాలు పూటపూటకూ తోమినవి, జిడ్డు పేరుకునే వ్యవధి వాటికి లేదు. బండ మీద పరిచిన పాత పేపర్లను పండగ ముందు చుట్టచుట్టి పారేస్తే జిడ్డంతా వాటితోనే పోయేది. నీ పెద్దలు తలుపు లేకపోయినా బతకగల వస్తువులనే మోశారు. నువ్వు వాళ్ల రూపు తెచ్చుకుని, మూతలను, పేపర్లను వదిలేశావు.

తలుపు మంచిదని చెప్పడానికి రాలేదు. దాని వెనక చీకట్లో, హింజుల సందుల్లో బొద్దింకలు కాపురం పెడతాయి. సింకు కింద తడిసిన చెక్కపొట్టు బోర్డు ఉబ్బి, తలుపు ఒకవైపు వాలిపోతుంది. నువ్వు బొద్దింకకు దాక్కునే చోటు ఇవ్వవు, ఆ మెచ్చుకోలు పూర్తిగా నీదే. రాత్రి దీపం ఆర్పాక నీ కంచాల మీద తిరగడానికి దానికి అడ్డూ పెట్టవు.

అందుకే నీకు తగిన పీట వేస్తాను. పొయ్యికి ఎదురుగోడన, ఆవిరి అందనంత దూరంలో, చెయ్యి ఎత్తితే తగిలే ఎత్తులో ఒక్క వరస నీది. రోజూ కడిగే గ్లాసులు, రోజూ తినే కంచాలు నీ మీద ఉంటాయి. కారం, పసుపు, పప్పులు, ఏడాదికోసారి తీసే పింగాణీ తలుపుల వెనక్కి వెళతాయి. పోపుల పెట్టె పొయ్యి పక్కనే, మూతతో. నెలకోసారి నిన్ను తుడిచే పని ఆ ఇంటి మగవాళ్లది. అది కుదరదన్న ఇంట్లో ఆ ఒక్క వరస కూడా వేయించొద్దని వడ్రంగికి ముందే చెప్పాలి.