చుక్క కూడా బయటికి పోదట!

మురుగునీరు చుక్కైనా గేటు దాటదనే "శూన్య ద్రవ విసర్జన" హామీని కాగితపు మిల్లులు గొప్పగా చాటుకోవడం, ఆ ఘనతనంతా పొరల వడపోతకు కట్టబెట్టడం ఆనవాయితీగా మారింది గనుక, ఆ పొరకు అంత మహిమ ఉందా అని అడగక తప్పదు. కలపను ఉడికించి గుజ్జు తీసి తెల్లబరిచే క్రమంలో, చెక్క నారలను పట్టి ఉంచే లిగ్నిన్ అనే పదార్థం కరిగి నీటికి కషాయపు రంగు పట్టిస్తుంది; వాడిన రసాయనాల నుంచి సోడియం, క్లోరైడ్, సల్ఫేట్ లవణాలు వచ్చి చేరతాయి. మైక్రాన్‌లో వందో వంతు రంధ్రాలుండే అల్ట్రాఫిల్ట్రేషన్ పొర లిగ్నిన్‌లోని పెద్ద అణువులను ఆపుతుంది గానీ కరిగిన ఉప్పును వదిలేస్తుంది. దాన్ని ఆపాలంటే నీటిని అధిక ఒత్తిడితో తోసే రివర్స్ ఆస్మాసిస్, అంటే ఇళ్లలో అందరూ ఆర్‌ఓ అనేది, కావాలి.

మహిమ ఇక్కడ ఆగి లెక్క మొదలవుతుంది. 1000 లీటర్లు పంపితే 750 లీటర్ల శుద్ధజలం తిరిగి వచ్చిందని మురిసే నివేదిక, మిగిలిన 250 లీటర్ల రిజెక్టులో ఉప్పంతా దాదాపు నాలుగింతల చిక్కదనంతో చేరిందన్న మాట మింగేస్తుంది. పొర దేన్నీ నశింపజేయదు, వేరు మాత్రమే చేస్తుంది. ఇల్లు ఊడ్చి చెత్తను మంచం కిందికి తోయడానికీ దీనికీ ఉన్న తేడా కరెంటు బిల్లు మాత్రమే. ఆ రిజెక్టును ఎవాపరేటర్లలో ఆవిరి చేయడానికి బాయిలర్లో బొగ్గు కాలుస్తారు; పొగ ద్రవం కాదు గనుక సున్నాకు భంగం లేదు. చివర మిగిలే మిశ్రమ లవణం వంటకూ పనికిరాదు, అమ్మకానికీ పనికిరాదు. అది ఘనం గనుక సున్నాకు మళ్లీ భంగం లేదు. బంకా సున్నపు పెచ్చూ పట్టి పూడుకుపోయిన పొరలను కాస్టిక్‌తోనూ ఆమ్లంతోనూ కడగాలి, కొన్నేళ్లకు మార్చాలి. పారేసిన పొరలూ ఘనమే, అదృష్టవశాత్తు.

లిగ్నిన్ చిక్కద్రావణాన్ని రికవరీ బాయిలర్లో కాల్చుకోవచ్చన్నది నిజమే, అక్కడ పొర తన కూలి తాను సంపాదిస్తుంది. ఉప్పు మాత్రం కాలదు. తనిఖీకి వచ్చిన అధికారికి శుద్ధజలాన్ని గాజుగ్లాసులో అందించి ఫొటో తీయించే ఆచారం ఎలాగూ ఉన్నందున, పక్కనే రిజెక్టు గ్లాసునూ పెట్టించి, అది ఏ లారీలో ఏ గుంతకు పోతుందో చీటీ అంటించమని కాలుష్య నియంత్రణ మండలి ఆదేశిస్తే ఖర్చు ఒక్క గ్లాసే.