గోడ మీద ఆగే రైలు

ఇబ్రహీంపట్నంలో కాలినడకన తిరుగుతూ రైల్వే స్టేషన్ పక్క గోడల మీది బొమ్మలు చూసి తరిద్దామనుకునే కళాప్రియులకు ఒక చిన్న మనవి. చెప్పులు అరుగుతాయి గానీ స్టేషన్ దొరకదు. కుతుబ్‌షాహీల నాటి పెద్దచెరువుంది, సాగర్ రోడ్డుంది, ఎటు చూసినా ఇంజినీరింగ్ కాలేజీ ఉంది. పక్కనే ఆదిబట్లలో అపాచీ యుద్ధ హెలికాప్టర్ల బాడీలు తయారై అమెరికా పోతున్నాయి. మనం రైలెక్కాలంటే మాత్రం మలక్‌పేటకో కాచిగూడకో పోవాల్సిందే.

స్టేషన్ లేదు గానీ గోడలకేం కరువు లేదు. సాగర్ రోడ్డు పొడవునా ఏడాదంతా ప్రదర్శనే. పసుపు మీద ఎర్రక్షరాలు: ఓపెన్ ప్లాట్లు, స్పాట్ రిజిస్ట్రేషన్, లోన్ సౌకర్యం, ఔటర్‌కు పది నిమిషాలు. ఆ పది నిమిషాలు ఏ బండి మీదో రాయరు. ఆదిబట్ల హెలికాప్టర్ మీదే అయ్యుండాలి. కింద మొలలకు, ఫిస్టులాకు గ్యారంటీ వైద్యం. ఆ పక్కన నూరు శాతం ప్లేస్‌మెంట్లు. వీటన్నిటి నెత్తిన అన్న పుట్టినరోజు ఫ్లెక్సీ: నడుమ గుమ్మడికాయంత తల, చుట్టూ తపాలా బిళ్లంత తలలు. ఎవరి తల ఎంతుంటే పార్టీలో వారి పలుకుబడి అంత. లండన్‌లో వాటర్లూ స్టేషన్ కింది లీక్ స్ట్రీట్ సొరంగంలో 2008లో బ్యాంక్సీ అనే ఆయన తోటి కళాకారులను పిలిచి గోడలన్నీ బొమ్మలతో నింపించాడట. పేరు తప్ప మొహం చూపించడట పాపం. మన దగ్గరైతే మొహమే బొమ్మ.

బహిరంగ స్థలాలను పాడుచేయొద్దని ఉమ్మడి రాష్ట్రం 1997లోనే చట్టం చేసింది. గోడలు దాన్ని శ్రద్ధగా పాటిస్తున్నాయి: ‘ఇచ్చట ప్రకటనలు రాయరాదు’ అన్నది కూడా వాటి మీదే రాసి ఉంటుంది. ఎన్నికల కోడ్ వచ్చినప్పుడు సర్కారే దగ్గరుండి సున్నం కొట్టిస్తుంది. కోడ్ పోయేసరికి కొత్త రాతలకు గోడ తయారు.

ఈ ప్రదర్శనలో అసలు పనితనం మాత్రం యాచారం దిక్కు పోతే తెలుస్తుంది. నిన్నటిదాకా ‘ఫార్మా సిటీకి దగ్గర’ అనున్న చోట ఒక పూత సున్నం, దాని మీద ‘ఫ్యూచర్ సిటీకి దగ్గర’. ప్లాటు అంగుళం కదల్లేదు, సిటీయే మారిపోయింది. సర్కారు మారితే జీవోలు రావాలి, మ్యాపులు గీయాలి, అథారిటీ పుట్టాలి. గోడకు డబ్బా పెయింటు చాలు. ఫార్మా సిటీ కోసం భూమి పోగొట్టుకున్న రైతు బొమ్మ ఒక్క గోడ మీదా ఉండదు. ఆయన మొహానికి గజం రేటు పలకదు మరి.

స్టేషన్ దగ్గరి బొమ్మలే కావాలంటే హైదరాబాద్ నగరంలో ఉన్నాయి: ఖైరతాబాద్, నెక్లెస్ రోడ్ స్టేషన్లకు నడిచిపోయేంత దూరంలో ఉన్న ఎంఎస్ మక్తాలో 2016లో స్టార్ట్ ఇండియా ఫౌండేషన్ వాళ్లు బస్తీ గోడలకు బొమ్మలేయించారు. బాగున్నాయి, కాదనను. కానీ ఆ గోడలు ఏమీ అమ్మవు. ఏమీ అమ్మని గోడకు రెండోసారి రంగు కొట్టించే దాత మన దిక్కు ఇంకా పుట్టలేదు.

రైలు సంగతికొస్తే, 2023లో నగరం చుట్టూ 564 కిలోమీటర్ల ఔటర్ రింగు రైలు అన్నారు, సర్వే మంజూరు చేశారు. సర్వే కాగితం మీది గీత పట్టాలుగా మారేలోపు అది ఎన్ని గోడలెక్కుతుందో చూడాలి.

లేదు, స్టేషన్ చూడందే కదలమంటారా? రామోజీ ఫిల్మ్ సిటీకి పోండి. ప్లాట్‌ఫాం, రైలు పెట్టె, బోర్డు, అన్నీ ఉన్నాయి. సినిమాను బట్టి ఊరి పేరు. టికెట్ కొనుక్కుని లోపలికి పోవచ్చు, అక్కణ్ణుంచి మాత్రం ఎటూ పోలేం. వెంచర్ల వాళ్ల కళ్లు ఇంకా దాని మీద పడినట్టు లేదు. పడిన మర్నాడే పసుపు మీద ఎర్రగా లేస్తుంది: ‘రైల్వే స్టేషన్ మీ ప్లాటుకు కూతవేటు దూరంలో’. వినియోగదారుల కమిషన్‌కు పోయినా లాభముండదు, స్టేషన్ ఉన్నమాట నిజమే కదా.